మొరాయించు వైఫై: దోషమును కనుగొను మార్గము



ఇంటిలో దీపము వెలుగనిచో మనము వెంటనే విద్యుత్తు కంపెనీని నిందింపము. ముందు పక్కగదిలో దీపము వెలుగుచున్నదా యని చూతుము; పిదప వీధిలోనికి తొంగిచూతుము. పక్కగదిలో వెలుగున్నచో బల్బు చెడినదనియు, వీధియంతయు చీకటియైనచో తప్పు మన యింటిది కాదనియు నిశ్చయింతుము. అక్షరము రాని ముదుసలి సైతము ఈ పరీక్షను చేయును. కాని యింటిలోని వైఫై మొరాయించినప్పుడు పట్టభద్రులు కూడ ఈ పాటి వివేకమును మఱచిపోవుదురు. రౌటరును తిట్టుదురు, కంపెనీని తిట్టుదురు, పిల్లలను తిట్టుదురు. దోషమెచ్చటనున్నదో తెలిసికొనక పూర్వము ఎవరిని నిందింపరాదనియు, దేనికిని ధనము వెచ్చింపరాదనియు చూపుటయే ఈ పాఠము యొక్క యుద్దేశ్యము.

1. ఒక బాలుని కష్టము

గత సంవత్సరము తొమ్మిదవ తరగతి బాలుడొకడు పాఠశాల విడిచిన పిదప నా బల్లయొద్దకు వచ్చి మాటలాడక నిలువబడెను. వాని యిల్లు కోనసీమలోని యొక గ్రామమున నున్నది. తల్లి కువైటులో ఒక యింట పని చేయుచున్నది. ఆమెకు శుక్రవారము సెలవు. అక్కడ సాయంకాలము ఆరు గంటలైనప్పుడు మనకు రాత్రి ఎనిమిదిన్నర. వారమునకొకమాఱు ఆ వేళకు ఆమె కొడుకుతో మాటలాడును.

"అయ్యగారూ, నెలదినములనుండి మాట మధ్యలో తెగిపోవుచున్నది. క్రిస్మసుకు రాలేనని అమ్మ చెప్పిననాడు నేనలిగితిని. అందుచేత నేనే కోపముతో ఫోను పెట్టివేయుచున్నాననుకొని అమ్మ యేడ్చుచున్నదట. నాయనయేమో నేను ఆటలాడి ఇంటర్నెట్టంతయు పాడుచేయుచున్నానని గద్దించుచున్నాడు. నేను రెండును చేయలేదండీ" అని వాడు చెప్పెను.

తండ్రి అంతకుముందే కంపెనీకి ఫిర్యాదు చేసియుండెను. వారి మనుష్యుడు ఒకనాడు పగలు పదునొకండు గంటలకు వచ్చి, రౌటరు ప్రక్కన నిలిచి వేగమును కొలిచి, అంతయు సరిగానున్నదనియు, ఇంకను కావలెననిన హెచ్చు వేగముగల పథకమును తీసికొనుడనియు చెప్పి వెడలిపోయెను. తండ్రి ఆ హెచ్చు రుసుము చెల్లించుటకు సిద్ధముగానుండెను.

నేను భౌతికశాస్త్రమును బోధించువాడను. అయినను ఆనాడు నేను చెప్పినదేమనగా, "రౌటరును ఒకసారి ఆర్పి మఱల వెలిగింపుము" అని. రెండు దినములు బాగుగానుండెనట. శుక్రవారమురాత్రి మాట మఱల తెగెను. రోగిని చూడకయే మందు చెప్పిన వైద్యునివలె నేను చేసితినని సిగ్గుపడితిని. ఈసారి పరీక్షింపవలెనని నిశ్చయించి గురువారము సాయంకాలము వారి యింటికి వెళ్లితిని.

2. మాట ప్రయాణించు దారి

వైఫై వేఱు, ఇంటర్నెట్టు వేఱు. ఈ రెంటిని ఒక్కటే యనుకొనుటవలన సగము చిక్కు కలుగుచున్నది. కంపెనీనుండి మన గోడవఱకు వచ్చునది వెండ్రుకవంటి గాజుతీగ. దానిని ఫైబరందురు. అందులో వార్తలు వెలుగురూపమున ప్రయాణించును. ఆ వెలుగు గోడయొద్ద పెట్టెలో విద్యుత్సంకేతముగా మారును. పెట్టెనుండి మన చేతిలోని ఫోనువఱకు గల కొన్ని గజముల దూరమును గాలిలో దాటించునదే వైఫై. కనుక ఆ బాలుని మాట ఫోను, గాలి, రౌటరు, గాజుతీగ, దూరపు దారి అను అయిదు మజిలీలను దాటవలెను. ఏ మజిలీయందు చెడినను మనకు కనబడు లక్షణము ఒక్కటియే: మాట తెగును.

గాలిలో పోవు ఈ తరంగములు వెలుగు జాతివే. ఇట్టివి కలవని 1865లో మాక్స్‌వెల్ గణితమువలన చూపెను. 1887-88 సంవత్సరములలో హెర్ట్జ్ ప్రయోగమువలన నిరూపించెను. 1895 ప్రాంతమున కలకత్తాలో జగదీశచంద్ర బోసు కొన్ని మిల్లీమీటర్ల పొడవు మాత్రమేగల తరంగములను పుట్టించి, వానిని గోడల గుండ దాటించి గంట మ్రోగించెను. ఈయన కలకత్తాలోని సెయింట్ జేవియర్స్ కళాశాలలో లాఫాఁ పాదిరిగారియొద్ద భౌతికశాస్త్రము నేర్చిన విద్యార్థి. మిషను కళాశాలలో ఆరంభమైన విద్య ఎంత దూరము పోయినదో చూడుడు. వైఫైకి మొదటి ప్రమాణము 1997లో ఏర్పడెను. మన దేశమున 2.4 గిగాహెర్ట్జుల పట్టీని లైసెన్సు లేకుండ ఎల్లరు వాడుకొనుటకు 2005లో అనుమతి కలిగెను.

2.4 గిగాహెర్ట్జులనగా సెకనుకు 240 కోట్ల స్పందనములు. వెలుగు సెకనుకు 30 కోట్ల మీటర్లు పోవును గనుక, భాగించినచో ఒక్కొక తరంగము పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లని తేలును. 5 గిగాహెర్ట్జుల తరంగము పొడవు 6 సెంటీమీటర్లు. పొట్టి తరంగము ఎక్కువ వార్తను వేగముగా మోయగలదు, కాని గోడలను దాటుటలో బలహీనము. పొడుగు తరంగము నిదానమైనను గోడలను కొంత మేలుగా దాటును. రౌటరున్న గదిలో 5, గోడ కావలనున్న గదిలో 2.4 అని గుఱుతుంచుకొనుడు.

3. గాలిలోని అడ్డంకులు

అడ్డంకులు రెండు విధములు. మొదటివి వస్తువులు. పలుచని చెక్క తలుపు ఈ తరంగములను అంతగా ఆపదు. ఇటుక గోడ కొంత మ్రింగును. ఇనుపకడ్డీలతో పోసిన కాంక్రీటు చాల మ్రింగును. ఇనుప బీరువా, పెద్ద అద్దము వీనిని వెనుకకు త్రిప్పికొట్టును. నీటి తొట్టి పీల్చివేయును. తరంగబలమును డెసిబెల్లులలో కొలుతురు. ఫోనులో ఉచితముగా దొరకు పరీక్షాసాధనములు దీనిని ఋణసంఖ్యగా చూపును. -50 అనిన చాల మేలు. -67 వఱకు మాటలకు చాలును. -80 అనిన మిక్కిలి బలహీనము. ఇందొక గణితమున్నది: 3 తగ్గినచో బలము సగమగును, 10 తగ్గినచో పదవ వంతగును. కనుక -50కిని -70కిని భేదము ఇరువది కాదు, నూఱంతలు.

రెండవ అడ్డంకి కంటికి కనబడదు. అది ఇరుగుపొరుగు. 2.4 పట్టీని మన దేశమున 13 చానళ్లుగా విభజించిరి. కాని అవి ఒకదానిపైనొకటి పడియుండును. ఒకదానితోనొకటి ఒరయకుండ వాడదగినవి 1, 6, 11 అను మూడే. ఒకే చానలులోనున్న రౌటరులన్నియు ఒకే తరగతిగదిలోని బాలురవంటివి. ఒకరు మాటలాడునప్పుడు తక్కినవారు ఊరకుండవలెను. ప్రతి యంత్రమును ముందు ఆలకించి, నిశ్శబ్దమైన పిదప పలుకును. పగలు పదునొకండు గంటలకు వీధిలో పెద్దలు పనులకును పిల్లలు బడులకును పోయియుందురు, గాలి ఖాళీ. రాత్రి ఎనిమిదిన్నరకు ప్రతి యింట చలనచిత్రములు, ఆటలు, మాటలు, గాలి కిక్కిఱిసియుండును. కంపెనీ మనుష్యుడు చెప్పినది అబద్ధము కాదు. ఆయన వచ్చిన వేళ వేఱు, ఆ బాలుని కష్టపు వేళ వేఱు; ఆయన నిలిచిన చోటు వేఱు, బాలుడు కూర్చుండు చోటు వేఱు.

4. పరీక్ష

నేను నా లాప్‌టాపును తీసికొనిపోయి రాత్రి ఎనిమిదిన్నర వఱకు వేచియుంటిని. మా సాధనము పింగ్ అను ఆజ్ఞ. బావిలో చిన్న ఱాయి వేసి చప్పుడు వినుటవంటిది ఇది. ఒక చిన్న వార్తను పంపి, అది తిరిగివచ్చుటకు ఎన్ని మిల్లీసెకనులు పట్టినదో చూచుటయే. మిల్లీసెకననగా సెకనులో వెయ్యవ వంతు. బాలుడు నోటుపుస్తకము తెఱచి గీతలు గీసి లెక్క వ్రాసెను.

మొదట రౌటరు ప్రక్కనే కూర్చుండి రౌటరుకే 100 వార్తలు పంపితిమి. రౌటరు చిరునామా దాని యడుగున అంటించిన చీటిలో నుండును. తఱచుగా అది 192.168.1.1. నూఱును తిరిగివచ్చెను. ఒక్కొక్కదానికి పట్టినది అయిదు మిల్లీసెకనులలోపే.

రెండవమాఱు అక్కడనే కూర్చుండి బయటి లోకములోని 8.8.8.8 అను చిరునామాకు పంపితిమి. నూఱును తిరిగివచ్చెను. గాజుతీగయు దూరపు దారియు నిర్దోషులని తేలెను.

మూడవమాఱు బాలుడు తల్లితో మాటలాడు వెనుకగదిలో కూర్చుండి మఱల రౌటరుకే పంపితిమి. 14 తిరిగిరాలేదు. వచ్చినవానిలో కొన్ని 3 మిల్లీసెకనులకు, కొన్ని 500 మిల్లీసెకనులకు వచ్చెను. బాలుడు కలమాపి, "అయ్యగారూ, అయితే తప్పు ఈ రెండు గదుల మధ్యనే యున్నది" అనెను. మూడు మాఱులు లెక్క వ్రాయుటతో వానికి స్వయముగా తెలిసినది; నేను చెప్పవలసిన పని లేకపోయెను.

ఇచ్చట తండ్రి, "ఎక్కువ వేగముగల పథకము తీసికొనిన కుదురదా, మాస్టరుగారూ?" అని యడిగెను. కుదురదు. ఒక సంభాషణకు కావలసినది సెకనుకు 100 కిలోబిట్లు మాత్రమే. ఆయన అప్పటికే చెల్లించుచున్న పథకము సెకనుకు 40 మెగాబిట్లది, అనగా దానికి నాలుగువందల రెట్లు. మాటకు కావలసినది వేగము కాదు, నిలుకడ. మాట ఈ వైపునుండి ఆ వైపునకు 150 మిల్లీసెకనులలోపల చేరినచో చెవికి ఆలస్యము తెలియదు. అర సెకను ఆగి, పిదప ఒక్కమాఱే గుంపుగా వచ్చినచో ఎంత వేగమున్నను మాట ముక్కలగును. వేగమును తెలుపు సంఖ్య ఈ తడబాటును చూపదు.

5. చికిత్స

దోషము చోటు తెలిసినది, కారణము తెలియవలెను. ఇచ్చట మిక్కిలి ముఖ్యమైన నియమమొకటి కలదు: ఒకమాఱు ఒక్కదానినే మార్చవలెను, మార్చిన పిదప మఱల కొలువవలెను. రెండింటిని ఒక్కమాఱే మార్చినచో గుణమిచ్చినది ఏదో తెలియదు.

రౌటరు ముందుగదిలో ఇనుప బీరువా వెనుక నేలపైనుండెను. చూచుటకు అందముగా నుండదని అక్కడ దాచిరట. గోడయొద్ద చుట్టియుంచిన గాజుతీగను మెల్లగా విప్పి, ఎక్కడను మడతపడకుండ నడిపించి, రెండు గదుల నడుమనున్న గుమ్మముపైని చెక్కమీద దానిని నిలిపితిమి. వెనుకగదిలో మఱల పంపగా 100లో పోయినవి 5. మేలు కలిగెను గాని పూర్తి కాలేదు.

తరువాత ఫోనులో చుట్టుపట్ల రౌటరుల పట్టికను చూచితిమి. తొమ్మిది కనబడెను, అందు ఆఱు 6వ చానలులోనే యుండెను. మనదియు అందులోనే. 1వ చానలులో దూరపుది ఒక్కటియే యుండెను. రౌటరు చిరునామాను బ్రౌజరులో తెఱచి, మన చానలును 1కి మార్చితిమి. ఈసారి 100కు నూఱును వచ్చెను. ఏదియు 40 మిల్లీసెకనులు దాటలేదు.

బాలుడు సంతోషించి పుస్తకము మూయబోయెను. నేను వలదంటిని. చానలును మఱల 6కు మార్చి చూడుమంటిని. ఆలస్యములు తిరిగి వచ్చెను. 1కి మార్చగా పోయెను. ఇట్లు వెనుకకును ముందుకును చూచిననే గాని కారణము దొరకినదని చెప్పరాదు. కాకతాళీయముగా ఆ వేళకే పొరుగువారు నిద్రపోయియుండవచ్చును గదా.

నేను మొదట చెప్పిన "ఆర్పి వెలిగించు" వైద్యము రెండు దినములేల పనిచేసెనో ఇప్పుడు తెలియుచున్నది. చానలును తానే యెన్నుకొనునట్లు అమర్చిన రౌటరులు పెక్కు వెలిగిన వేళ గాలిని ఆలకించి ఖాళీ చానలును పట్టుకొనును. అప్పుడు ఖాళీగానున్నది తరువాత నిండవచ్చును. ఆర్పి వెలిగించుట చెడ్డ పని కాదు. కాని అది రోగమును పోగొట్టుట కాదు, పక్కకు త్రిప్పుట మాత్రమే.

6. ఒకే లక్షణము, వేఱు కారణములు

ఇది చదివి ప్రతి యింటను బీరువాయే దోషియని తలంపవలదు. మఱియొక యింట ఇదే ఫిర్యాదు రాగా ఇదే పరీక్ష చేసితిమి. రౌటరుకు పంపినవి ఎక్కడ కూర్చుండినను తిరిగివచ్చెను; 8.8.8.8కు పంపినవి రాలేదు. పెట్టెపైని ఎల్‌ఓఎస్ అను ఎఱ్ఱదీపము మినుకుచుండెను. వెలుగు చేరుటలేదని దాని యర్థము. గాజుతీగ తలుపుసందున నలిగి మడతపడియుండెను. మడతయొద్ద వెలుగు బయటికి కాఱిపోవును. ఇది కంపెనీవారు బాగుచేయవలసిన పని. తెగిన గాజుతీగ కొనను కంటియొద్ద పెట్టుకొని చూడరాదు. అందులోని వెలుగు కంటికి కనబడకయే హాని చేయగలదు.

కరెంటు పోయి వచ్చిన ప్రతిమాఱు రెండు మూడు నిమిషములు ఆగిపోవుచున్నచో, గాలియు కాదు, తీగయు కాదు. రౌటరు ఆఱి వెలుగుచున్నది. ఇన్వర్టరు అందుకొనులోపల కలుగు క్షణమాత్రపు వెలితి చాలును. రౌటరుకై చేసిన చిన్న బ్యాటరీ పెట్టె దీనికి మందు. 8.8.8.8 పలుకుచు, పేరుతో పిలిచిన చోటులు మాత్రము తెఱచుకొననిచో, పేరులను సంఖ్యలుగా మార్చు డీఎన్ఎస్ అను పట్టికయొద్ద దోషమున్నది. ఒక్క ఫోనులో మాత్రమే చెడి తక్కినవానిలో బాగున్నచో దోషము ఆ ఫోనులోనిదే. అందులో ఆ వైఫై పేరును తుడిచివేసి మఱల చేర్చి చూడుడు.

తప్పు కంపెనీదేయని తేలినచో దానిని చెప్పు విధమున్నది. "మీ ఇంటర్నెట్టు పనికిరాదు" అనిన వారు ఏమి చేయగలరు? "ఫలానా తేదీని రాత్రి ఎనిమిదిన్నరకు, రౌటరు ప్రక్కన కూర్చుండి పంపగా, రౌటరుకు పంపినవన్నియు వచ్చెను, బయటికి పంపిన 100లో 20 రాలేదు, ఎఱ్ఱదీపము వెలుగుచున్నది" అని చెప్పినచో వినువాడు తప్పించుకొనలేడు. ఫిర్యాదు సంఖ్యను కూడ వ్రాసికొనవలెను.

7. ముగింపు

మఱునాడు శుక్రవారము. సోమవారము ఉదయమున ఆ బాలుడు వచ్చి జరిగినది చెప్పెను. తల్లి నలువది నిమిషములు మాటలాడెనట. మొదటి పది నిమిషములును ఆమె రెండు మాటలకొకసారి ఆగి, "ఉన్నావా, నాన్నా?" అని యడుగుచుండెనట. తెగిపోవుట ఆమెకు అంతగా అలవాటైపోయినది. ప్రతిమాఱును వీడు "ఉన్నానమ్మా" అనెనట. తరువాత ఆమె అడుగుట మానెను. తండ్రి నోటుపుస్తకములోని లెక్కలను తాను స్వయముగా ఆమెకు చదివి వినిపించెనట. "నాయన నన్ను క్షమింపుమని చెప్పలేదండీ. కాని ఆ పుస్తకమును బీరువాలో దాచినాడు" అని చెప్పి వాడు తరగతికి పోయెను.

ఆ యింట కొత్త వస్తువొకటియు కొనలేదు. రుసుము పెరుగలేదు. నెలదినములు ఒక తల్లి కన్నీటికిని ఒక బాలుని నిందకును కారణమైనది ఒక ఇనుప బీరువాయు, ఒక సంఖ్యయు. దోషమును కనుగొనుటకు పట్టినది ఒక సాయంకాలము. నిందించుటకు క్షణము చాలును, పరీక్షించుటకు ఓపిక కావలెను. నిరపరాధిని విడిపించునది పరీక్షయే గనుక, ఇది శాస్త్రధర్మము మాత్రమే కాదు, న్యాయధర్మము కూడ.

అభ్యాసము

1. మీ యింట రౌటరు ఏ చోటనున్నది? ఆ చోటునుండి మీరు చదువుకొను చోటివఱకు గల గోడలను, లోహపు వస్తువులను పటము గీసి చూపుడు.

2. తరంగబలము -57 నుండి -67కు తగ్గినచో బలము ఎన్నవ వంతగును?

3. 5 గిగాహెర్ట్జుల తరంగము పొడవును లెక్కించి చూపుడు.

4. ఒకే చోట, ఒకే పరీక్షను ఉదయము పదునొకండు గంటలకును రాత్రి ఎనిమిదిన్నరకును చేసి, రెండు ఫలితములను ప్రక్కప్రక్కన వ్రాయుడు. భేదమున్నచో కారణమేమి?

5. మీ యింట ఎవరైన "నీ వలననే చెడినది" అని యెవరినైన అనిన యెడల, ఏ మూడు పరీక్షలు చేసి నిజమును తెలిసికొందురు?